లింగాలలో నా పరిచయ ప్రసంగం

వేదికెక్కి నాలుగు మంచి మాటలు చెప్పమని మీకెవరైనా మైకు ఇస్తే, దయచేసి రెండు చెప్పి దిగిపోండి. ఇరవై ఆరేళ్లు నాటకం నేర్పి రిటైరైనదాన్ని చెబుతున్నాను, వినండి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అని అడిగినప్పుడల్లా బహుమతులొచ్చిన నాటకాల గురించి చెబుతాననుకుంటారు. అవన్నీ మా కేంద్రం గోడ మీద ఫొటోల్లో ఉన్నాయి, వెళ్లి చూసుకోండి. నేను చెప్పేది వేరు. నాలుగు నిమిషాలు మాట్లాడి ఒక పెద్దమనిషి పరువు తీసిన సంగతి.

వనపర్తిలో మా నాటక శిక్షణ కేంద్రం అంటే రెండు గదులు, ఒక రేకుల షెడ్డు. ఉద్యోగం చివరి రోజుల్లో మాకొక కొత్త పని అప్పగించారు. పాలమూరు పల్లెల నుంచి ముంబైకి పనులకెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు ఒక బస్తీ నిండా ఉన్నాయి. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు కథ చెప్పడం, నాటకం కట్టడం నేర్పాలి. రెండు నెలలకోసారి వెళ్లి పది రోజులు ఉండి వచ్చేవాళ్లం. బస్తీలోని భజన మందిరమే మా తరగతి గది. ఆ పిల్లలకు ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, కోపమొస్తే హిందీ. తెలుగు చదవడం ఒక్కరికీ రాదు, మాట్లాడటం మాత్రం మనకంటే జోరు.

నాతోపాటు మద్దెల వాయించే ఆయన వచ్చేవాడు. అలంపూర్ మనిషి, నాకంటే ఆరేళ్లు పెద్ద, నన్ను "చెల్లె" అని పిలుస్తాడు. మాట తక్కువ, కారం ఎక్కువ. నా జీవితంలో నేను వినకుండా వదిలేసిన మంచి సలహాల్లో సగం ఆయనవే.

ఆ బ్యాచ్‌లో ఆరుగురు మిగిలారు. అందులో ఒక అమ్మాయికి ఇరవై ఒక్కేళ్లు. పగలు కొరియర్ ఆఫీసులో పార్సిళ్లకు చీటీలు అంటించేది, సాయంత్రం మా దగ్గరికి పరుగెత్తుకొచ్చేది. నల్లా దగ్గర బిందెల కొట్లాట ఒకటి చేసి చూపించిందమ్మా, నలుగురు ఆడవాళ్లూ, వాళ్లను విడదీయడానికొచ్చిన మామా, చివరికి పగిలిన బిందె కూడా తనే! నేను నవ్వి నవ్వి పక్కటెముకలు పట్టుకున్నాను. మద్దెలన్న అయితే వాయించడం మానేసి చూస్తూ కూర్చున్నాడు. ఇలాంటి పిల్ల పదేళ్లకొకతె దొరుకుతుంది, అదీ అదృష్టం ఉంటే.

ఆ ఏడు మా కేంద్రంలో ఏడాది పాటు ఉండి నేర్చుకునే సీటు ఒకటి ఆ బస్తీకి ఇచ్చాం. నా మనసులో ఈ పిల్లకే రాసిపెట్టాను. అడ్డం వాళ్ల నాన్నే. ఆయన సొంతూరు లింగాల. కొత్తలో తట్టలు మోసి, తరవాత మేస్త్రీ అయ్యాడు. ఇంటికెళ్లి అడిగితే చాయ్ ఇచ్చాడు, నేను తాగేదాకా ఆగాడు. ఆఖరికి అన్నాడు:

"మేడం, కొరియర్ ఆఫీసు ఇడిచిపెట్టి ఏడాది నాటకాలంటె నాకైతె మనసు ఒప్పుతలేదు. మీరు మా దిక్కే ఆటలు ఆడిపిస్తరంట గద. లింగాలల ఒక్కసారి ఆడనియ్యుండ్రి. నేను గూడ వస్త. మావోళ్ల ముంగట నా ఇజ్జత్ పోకుంటె, అప్పుడు పంపిస్త. పోతె మాత్రం ఇగ ఈ ముచ్చటే ఎత్తొద్దు."

"మీ ఇజ్జత్ పోవడమేంటండీ, పెరుగుతుంది" అన్నాను నేను. అంత ధీమా దేనికో నాకే తెలియదు.

ఇక నాటకం సంగతి. గద్వాల, శ్రీరంగాపూర్, లింగాల, మూడు చోట్ల ఆడాలి. పిల్లలు తమ బస్తీ కథలే ఆడతామన్నారు. నల్లా కొట్లాట, సగం కట్టిన బిల్డింగు మీద బతుకమ్మ ఆట, అన్నీ నవ్వొచ్చేవే. నేను ఒప్పుకోలేదు. ముంబై నుంచి వచ్చిన వలస కూలీల పిల్లలు వేదికెక్కి నవ్విస్తే ఎవరైనా ఏమనుకుంటారు? వలస అంటే గోస. గోస అంటే కన్నీళ్లు. అలా లెక్కగట్టి, నేనే కూర్చుని ఒక ఏడుపు నాటకం రాశాను. ఎండిన బావి, పగిలిన నేల, చిరిగిన చీర, అన్నీ ఉన్నాయి. ఆ పిల్లకు అందులో గంటసేపు ఏడ్చే పాత్ర ఇచ్చాను.

మద్దెలన్న ఒకసారి మెల్లగా అన్నాడు. "చెల్లె, మా ఊరు వరదల మునిగినప్పుడు గూడ శానమంది ఫొటోలు తియ్యనీకె వచ్చిండ్రు. ఒక్కడన్న మద్దెల వాయించుమనలే. మొకం జర ఏడ్పుమొకం పెట్టుమన్నరు. గట్ల నిలబడుడు ఎంత కష్టమో నీకు తెల్వదు."

"అది వేరు, ఇది వేరు అన్నా" అన్నాను. ఏం వేరో చెప్పమని ఆయన అడగలేదు, అది నా అదృష్టం.

గద్వాలలో మొదటి ఆట. హాలు నిండింది. అధికారులు కళ్లు తుడుచుకున్నారు, నాకు శాలువా కప్పారు. నేను గాల్లో తేలుతూ బయటికొస్తుంటే, ముందు వరుసలో కూర్చున్న ఒక మగ్గాల ఇంటి పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాటకం బాగనే ఉందమ్మ. గని ఆ పిల్లకు ఏడుపు నప్పలే. ఏడుస్తుంటె గూడ దాని కండ్లు నవ్వుతున్నయి. ఎందుకట్ల సతాయిస్తరు?"

నేల ఈనినట్టు జనం వచ్చారన్న సంబరంలో ఆ మాట ఎక్కడో పారేసుకున్నాను.

రెండో ఆట శ్రీరంగాపూర్‌లో. ఇక్కడ నాకు శాలువా కాదు, చురక దొరికింది. నాటకంలో మా పిల్ల ఎండిన బావిలోకి తొంగి చూసి భోరుమంటోంది. వేదిక వెనకాల కనుచూపు మేర పచ్చటి వరి. ముందు కూర్చున్న ఒక రైతు ఉండబట్టలేక పక్కవాడితో గట్టిగానే అన్నాడు.

"ఏందిర ఇది, మనకు నాట్లెయ్యనీకె యాడికెల్లో కూలోళ్లను పిలిపిచ్చుకుంటున్నం. ఈళ్లేమో ఇంకా కరువంటుండ్రు. జర ఎన్కకు తిరిగి చూడుమను!"

జనం ఘొల్లుమన్నారు. మా పిల్ల కూడా నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అరగంటలో సగం మంది లేచిపోయారు. నేను మైకును తిట్టాను, ఎండను తిట్టాను, పిల్లలను నిలబెట్టి క్లాసు పీకాను. తిట్టవలసిన మనిషిని తప్ప అందర్నీ తిట్టానన్నమాట.

"మేడం, లింగాలల మా కథ చెప్పనియ్యుండ్రి, మీ కాళ్లు మొక్కుత" అని ఆ పిల్ల బతిమాలింది. "అక్కడ మీ నాన్న ముందు కోతి వేషాలేస్తావా? సీటు వద్దా నీకు?" అని గదిమాను. వెళ్లి చిరిగిన చీర మడతపెట్టుకుంది పాపం.

మర్నాడు జీపులో నాగర్‌కర్నూల్ మీదుగా లింగాల బయలుదేరాం. దారిలో ఆ పిల్ల నా పక్కకు జరిగి, ఎవరికీ వినపడకుండా చెప్పింది.

"మేడం, ఒక్క మాట. ఊర్ల మా నాయిన పని సంగతి ఎత్తకుండ్రి. మావోళ్లకు ఆఫీసుల సూపర్‌వైజర్ అని చెప్పుకున్నడు. మొదట్ల ఎప్పుడో అన్నడంట, ఇగ అదే నడుస్తుంది."

ఇక్కడే మీరు నన్ను బాగా చూడాలి. నేను ఆ మాట వినలేదని చెప్పుకోవచ్చు, జీపు చప్పుడు అని వంక పెట్టుకోవచ్చు. కానీ విన్నాను, శుభ్రంగా విన్నాను. విని ఏమనుకున్నానో తెలుసా? కష్టం చేసుకుని బతకడంలో సిగ్గేమిటి, ఈ సిగ్గును వదిలించడమే కదా నా ఉద్యోగం అనుకున్నాను. ఎవరి సిగ్గు, ఎవరు వదిలించుకోవాలి, ఎప్పుడు వదిలించుకోవాలి? ఇవేవీ నాకు తోచలేదు. మనలాంటి కళాసేవ చేసేవాళ్లకు ఇదొక రోగం. ఎదుటివాడి పేదరికం కనబడితే చాలు, దానికి చప్పట్లు కొట్టించేదాకా నిద్రపట్టదు.

సాయంత్రం స్కూలు ఆవరణలో ఆట. ఊరు ఊరంతా వచ్చింది, తమ ఊరి ఆడపిల్ల బొంబాయి నుంచి వచ్చి ఆడుతోందని. పెద్దల కోసం ముందు వేసిన కుర్చీల్లో వాళ్ల నాన్న కూర్చున్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, భుజాన కొత్త తువ్వాల. పక్కవాళ్లు ఏదో అడుగుతుంటే చిన్నగా నవ్వుతూ జవాబు చెబుతున్నాడు. ముంబైలో ఆయన అంత తీరిగ్గా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

నేను మైకు పట్టుకున్నాను. వలస గురించి మొదలుపెట్టి, శ్రమ గొప్పతనం మీదికొచ్చి, అక్కడి నుంచి పూనకం వచ్చినట్టు ఊగిపోయాను. చివర్లో చెయ్యి చాపి అన్నాను: "ఈ బంగారు తల్లి ఎవరి బిడ్డో తెలుసా? ముంబైలో ఇరవై ఏళ్లు తలమీద సిమెంటు తట్టలు మోసిన ఒక కూలీ బిడ్డ! ఇదిగో, ఆ తండ్రి మన ముందే ఉన్నాడు!"

చప్పట్లు పడతాయని ఆగాను. ఒక్కటీ పడలేదు. జనమంతా నేల చూపులు చూస్తున్నారు. ఆయన మొహంలో రక్తం చుక్క లేదు. కూర్చున్నవాడు మెల్లగా లేచాడు, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు, గేటు వైపు తిరిగాడు.

మైకు కిందికి దించేశాను. సీటు పోయిందని కాదు, ఆయన నడక చూసి. ఆ మనిషిని అంతమందిలో బట్టలూడదీసి నిలబెట్టింది నేను. నా కూతురికైనా, నా తమ్ముడికైనా నేను అలా చేస్తానా? ఆ క్షణంలో భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది.

వేదిక మీద ఆ పిల్ల చిరిగిన చీరలో, ఏడుపు భంగిమలో ముడుచుకుని కూర్చుని ఉంది. చటుక్కున లేచింది. నా చేతిలోంచి మైకు లాక్కోలేదు, దానికి ఆ అవసరమే లేదు.

"నాయినా! స్లాబు మొదలైంది!"

ఆయన ఆగాడు.

"స్లాబు మొదలైనంక మేస్త్రీ దిగుతడా? నువ్వే చెప్పు!"

దీని సంగతి తరవాత ఆయనే నాకు విడమరిచి చెప్పాడు. స్లాబు పొయ్యడం ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే పాతదీ కొత్తదీ అతుక్కోవు, అక్కడ జన్మంతా నీళ్లు కారుతాయి. వాన రానీ, జ్వరం రానీ, ఇంటి నుంచి ఎలాంటి కబురైనా రానీ, ఆఖరి తట్ట పడేదాకా మేస్త్రీ పైనుంచి దిగడు. మేస్త్రీ అయినప్పటి నుంచి ఆయన తప్పని మాట అది. కోపమెంతున్నా కాళ్లు కదల్లేదు పాపం. వెనక్కి రాలేదు, ముందుకూ పోలేదు. గేటు పక్కన గోడకానుకుని, మొహం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు.

"మేడం చెప్పింది సగమే" అంది ఆ పిల్ల జనంతో. "మా నాయిన తట్టలు మోసిండు, నిజమే. ఇప్పుడు మేస్త్రీ. గని స్లాబు పోసే దినం ముప్పై మంది తట్టలు అందిస్తుంటె, పొద్దుమీకేటాళ్లకు అందరి నడుములు ఇరుగుతయి. అప్పుడు మా నాయిన పైన నిలబడి కథలు చెప్తడు. నవ్వుకుంట నవ్వుకుంట తట్టలు ఉరుకుతయి. నాకు ఈ కథలు చెప్పుడు యాడికెల్లి వచ్చిందనుకున్నరు? మర్రిచెట్టుకు కాస్తయా ఇవి? ఇప్పుడు ఆయన చెప్పే కోడి కథ చెప్త, ఇనుండ్రి."

చిరిగిన చీర కొంగు దోపింది. మద్దెలన్న నా వైపు చూడనైనా చూడకుండా దరువు అందుకున్నాడు. నేను రాసిన కాగితాల కట్ట నా చంకలోనే ఉండిపోయింది.

కథేమిటంటే, లింగాల నుంచి ఒకాయన ముంబైలో మైసమ్మకు కొయ్యాలని కోడిని సంచిలో పెట్టుకుని బస్సులో తీసుకుపోయాడట. పని దగ్గర సంచి విప్పగానే అది తప్పించుకుని, కట్టే బిల్డింగులోకి దూరిందట. ఒక్కో అంతస్తులో ఒక్కో రాష్ట్రం వాళ్లు. పట్టుకోబోయిన ప్రతివాడూ నాదంటే నాదని తన భాషలో తిట్టుకోవడమే. ఆ పిల్ల అందరి గొంతులూ పెడుతోంది, మిగతా ఐదుగురూ చెప్పకుండానే అంతస్తులైపోయారు. లింగాల జనం ముందు చిన్నగా, తరవాత పగలబడి నవ్వడం మొదలుపెట్టారు.

"అప్పుడు ఆ కోడిపెట్ట ఏం జేసింది..." అని అందో లేదో, గేటు దగ్గర నుంచి ఒక గొంతు.

"పెట్ట గాదు, పుంజు!"

అందరూ తిరిగి చూశారు. ఆయనకు తాను అరిచిన సంగతి అప్పుడే తెలిసినట్టుంది.

"మైసమ్మకు పెట్టనెవడన్న కోస్తడా?" అన్నాడు కొంచెం తగ్గి.

"సరే, పుంజే. ఆ పుంజు మూడో అంతస్తుల..."

"ఏడో అంతస్తు! మూడో దాంట్ల బిహారోళ్లు ఉండిరి, అది అయిపాయె గద. సక్కగ చెప్పు బిడ్డ, కథంత ఖరాబు చేస్తున్నవు!"

"నువ్వే చెప్పరాదుర మరి!" అని అరిచింది జనంలోంచి ఒక ముసలవ్వ. "గంత దూరంకెల్లి ఒర్రుడెందుకు?"

ఆయన వచ్చాడు. తువ్వాల నడుముకు చుట్టుకుని వేదికెక్కాడు. కాసేపు తడబడ్డాడు, తరవాత చూడాలి! ఆ మనిషి పచ్చి స్లాబు మీద పుంజులా నడిచి చూపిస్తే, ఎక్కడ కాలు దిగబడుతుందో, ఎలా విదిలించుకుంటుందో, నా శిష్యుల్లో ఒక్కడికీ ఆ నడక రాదు. ఆరిపోయిన స్లాబు మీద కోడికాళ్ల గుర్తులు ఉండిపోయాయట. ఆ ఇల్లు కొన్న సేఠు వాటిని చూసి లక్ష్మీదేవి పాదాలని పసుపు పూసి పూజ మొదలుపెట్టాడట. ఇప్పటికీ చేస్తున్నాడట.

స్కూలు ఆవరణ దద్దరిల్లిపోయింది. తండ్రీకూతుళ్లు పక్కపక్కన నిలబడి రొప్పుతున్నారు. నేను వేదిక కింద నిలబడి ఏడ్చాను. ఆ ఏడుపు మాత్రం నేను రాయలేదు.

అయిపోయాక ఇందాకటి ముసలవ్వ ఆయన దగ్గరికొచ్చి రెండు చేతులూ తిప్పి చూసింది.

"ఓరి పిచ్చోడ, నీ అరిచేతులు చూసిన దినమే మాకు తెల్సురా. సూపర్‌వైజర్ చేతులు గిట్లుంటయా? నువ్వు గట్ల చెప్పుకుంటున్నవని మేము ఊకున్నం. నీ మనసెందుకు నొప్పియ్యాలె అని."

ఆ మాట ఆయన కంటే నాకే ఎక్కువ తగిలింది. ఊరంతా కలిసి ఇరవై ఏళ్లు ఒక మనిషి మాటను కాపాడుకుంటూ వచ్చింది. అందులో చదువుకున్నవాళ్లు తక్కువ, నాటకం తెలిసినవాళ్లు అసలే లేరు. అన్నీ తెలిసిన నేను వెళ్లి నాలుగు నిమిషాల్లో తేల్చేశాను. మద్దెలన్న ఆ రాత్రి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పొద్దున్నే వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆయన వాకిట్లో వేపపుల్ల నములుతున్నాడు. "తప్పు చేశాను, క్షమించండి" అన్నాను. వయసులో నాకంటే చిన్నవాడు, చేతులు జోడిస్తే చప్పున లేచి పట్టుకున్నాడు.

"ఊకోండ్రి మేడం. కోపం వచ్చింది, ఉట్టిగ ఎందుకు చెప్పాలె. రాత్రి పండుకున్నంక గూడ వచ్చింది. ఇప్పుడు లేదు."

సీటు గురించి అడిగే మొహం నాకు లేదు. సంచిలో దరఖాస్తు ఉంది, బయటికి తియ్యలేదు. ఆయనే చెయ్యి చాపాడు. "కాయిదం తెచ్చిండ్రా?"

ఇచ్చాను. కేంద్రంలో ఉండి నేర్చుకునే ఆడపిల్లలకు ఇంటివాళ్ల సంతకం కావాలి, అదీ నియమం. ముంబైలోనే అన్నీ నేను నింపి ఉంచాను. ఆయన గడపలో కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. మధ్యలో ఒకచోట వేలు ఆగింది. తండ్రి వృత్తి అన్నచోట నా చేతిరాతతో 'కూలీ' అని ఉంది.

గబగబా కలం తీశాను. "కొట్టేసి దిద్దుతానండీ. సూపర్‌వైజర్ అని రాయనా?"

ఆయన నా వైపు చూసి పెద్దగా నవ్వాడు. లోపల పొయ్యి దగ్గర కూర్చున్న ఆ పిల్ల కూడా తొంగి చూసింది.

"ఇంక యాడి సూపర్‌వైజరు మేడం!" అన్నాడు. "స్లాబ్ మేస్త్రీ అని రాయుండ్రి. పెద్దగ రాయుండ్రి, అందరికి కనవడాలె."

రాశాను. కింద సంతకం పెట్టి, కాగితం కూతురి చేతికిచ్చాడు.